షిబుయా స్టేషన్ గోడ మీద మండుతున్న అస్థిపంజరం

టోక్యోలో షిబుయా స్టేషన్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది హాచికో. చనిపోయిన యజమాని వస్తాడని స్టేషన్ ముందు దాదాపు పదేళ్లు ఎదురుచూసిన ఆ కుక్క కథ సినిమాల పుణ్యమా అని మనవాళ్లకూ తెలుసు. దాని కంచు విగ్రహం పక్కన ఫొటో దిగడానికి ఎప్పుడు చూసినా జనం క్యూలో ఉంటారు. అదే స్టేషన్‌లో, ఆ విగ్రహం ఉన్న ఆవరణకు ఎదురుగా పై అంతస్తులో, 30 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల ఎత్తు ఉన్న బొమ్మ ఒకటి గోడంతా పరుచుకుని ఉంటుంది. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు దిగినవాళ్లు కేయో అనే మరో రైల్వే సంస్థ నడిపే ఇనొకషిరా లైన్‌కు వెళ్లే దారి అది. రోజూ లక్షల మంది దాని పక్క నుంచే నడుస్తారు. తలెత్తి చూసేవాళ్లు కొద్దిమంది. చూసినా, మంటల మధ్య ఒళ్లు విరుచుకుంటున్న తెల్లటి అస్థిపంజరం, చుట్టూ ఎరుపూ నలుపూ సుడులు తిరుగుతూ కనిపిస్తే, ఏదో అర్థంకాని మోడరన్ ఆర్ట్ అనుకుని రైలు అందుకునే హడావుడిలో వెళ్లిపోతారు.

ఆ కుడ్యచిత్రం పేరు 'రేపటి పురాణం'. వేసినవాడు ఒకమోతో తారో. జపాన్‌లో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు. ఈ బొమ్మ అణుబాంబు గురించినదని గోడ దగ్గరున్న వివరణ చెబుతుంది. అది నిజమే కానీ సగమే. ఒక విలాసవంతమైన హోటల్ కోసం వేసిన బొమ్మ, వేసిన దేశంలోనే ముప్పై ఏళ్లకు పైగా ఆచూకీ లేకుండా పోయి, పగిలిపోయిన పలకలుగా దొరికి, చివరికి ఒక రైల్వే స్టేషన్‌లోకి ఎలా వచ్చిందన్నది మిగతా సగం. ఆ రెండో సగం తెలియకపోతే మొదటిది కూడా సరిగ్గా అర్థం కాదు.

కుడివైపు కింద ఉన్న పడవ

బొమ్మను చదవడానికి మధ్యలో ఉన్న అస్థిపంజరం దగ్గర కాకుండా కుడివైపు కింది మూల నుంచి మొదలుపెట్టడం మంచిది. అక్కడ ఒక చిన్న పడవ ట్యూనా చేపను లాక్కెళ్తూ ఉంటుంది. అంత పెద్ద బొమ్మలో అది తేలిగ్గా కంటికి ఆనదు. పైగా పిల్లల పుస్తకంలో బొమ్మలా కాస్త ముద్దుగా కూడా ఉంటుంది. అది ఊహించి గీసిన పడవ కాదు. దాని పేరు దైగో ఫుకుర్యూ మరు.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా 'కాజిల్ బ్రావో' అనే హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. దాని శక్తి 15 మెగాటన్నులు. హిరోషిమా మీద వేసిన బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. శాస్త్రవేత్తలు ముందుగా వేసుకున్న లెక్కకు ఇది రెండింతల కంటే ఎక్కువ. అందుకే ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దు దాటి కూడా రేడియోధార్మిక ధూళి పడింది. ఆ హద్దుకు బయటే ట్యూనా వేటలో ఉన్న ఈ పడవ మీద కొన్ని గంటల తర్వాత తెల్లటి బూడిద రాలడం మొదలైంది. పేలుడులో పొడిగా మారిన పగడపు దిబ్బ అది. పడవలో ఉన్న 23 మందికీ ఆ పొడి ఏమిటో తెలియదు. ఒంటి మీద పడింది, ముక్కుల్లోకి పోయింది. మార్చి 14న యైజు రేవుకు తిరిగి వచ్చేసరికి ఒంటి మీద బొబ్బలు, జుట్టు రాలిపోవడం. వైర్‌లెస్ ఆపరేటర్ కుబొయామా ఐకిచి సెప్టెంబర్ 23న చనిపోయాడు.

హిరోషిమా, నాగసాకి యుద్ధంలో జరిగినవి. ఇది యుద్ధం లేని రోజుల్లో, ఎవరూ ఎవరితోనూ పోరాడకుండా, చేపలు పట్టుకునేవాళ్ల మీద పడిన దెబ్బ. జపాన్‌లో జనం చేపల బజారుకు వెళ్లడానికే భయపడ్డారు. పట్టిన ట్యూనాను టన్నులకొద్దీ పారబోశారు. టోక్యోలోని సుగినామి వార్డులో కొందరు గృహిణులు ముందుండి నడిపిన సంతకాల సేకరణ దేశమంతా పాకి, ఏడాది తిరిగేసరికి మూడు కోట్లు దాటింది. అణ్వాయుధాల వ్యతిరేకత జపాన్‌లో ప్రజా ఉద్యమంగా మారింది అప్పుడే. ఒకమోతో ఈ సంఘటన మీద 1955లోనే ఒక తైలవర్ణ చిత్రం వేశాడు. పదమూడేళ్ల తర్వాత మొదలుపెట్టిన పెద్ద బొమ్మలోకి మళ్లీ అదే పడవను తెచ్చుకున్నాడంటే, ఆ విషయం ఆయన్ను వదల్లేదనే అర్థం.

పడవ నుంచి ఎడమకు వస్తే పుట్టగొడుగు మేఘాలు కనిపిస్తాయి. ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తున్న జీవుల్లా ఉంటాయవి. మంటల్లో వరుసగా కదిలిపోతున్న మనుషుల ఆకారాలు ఉంటాయి. మధ్యలో అస్థిపంజరం. నేల మీద పడి ఉన్న శవంలా కాదు, లోపలి నుంచి వెలుగు చిమ్ముతూ నలువైపులకూ విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇంకా ఎడమకు పోతే రంగులు కొంచెం శాంతిస్తాయి. కష్టం దాటి బయటపడ్డవాళ్లలా మనుషులు కనిపిస్తారు.

ఒకమోతో సన్నిహితులు, అందరికంటే ముఖ్యంగా ఆయన సహచరి తోషికో, దీన్ని ఓటమి చిత్రంగా చూడలేదు. ఎంతటి విధ్వంసాన్నైనా ఎదిరించి నిలబడగల గర్వం మనిషిలో ఉందని, ఆ నిప్పుల్లోంచే రేపటి కథ పుడుతుందని ఆమె వివరించింది. ఇప్పుడు షిబుయాలో చెప్పే వివరణ కూడా ఎక్కువగా అదే. బొమ్మ ముందు నిలబడితే ఈ మాటలో పస ఉందనిపిస్తుంది. అస్థిపంజరం నిజంగానే ఏడుస్తున్నట్టు ఉండదు. అయినా పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. కాలిపోయినవాళ్ల ఎముకల్లోంచి ఆశ పుడుతుందని చెప్పడం బతికి ఉన్నవాళ్లకు ఊరటే కానీ, కుబొయామా ఇంటివాళ్లకు ఏం ఊరట? బొమ్మ బలం ఆ సందేహాన్ని తీర్చకుండా వదిలేయడంలోనే ఉంది. వివరణలే తొందరపడి తీర్చేస్తున్నాయి.

హోటల్ లాబీలో అణుబాంబు

ఇంత భయంకరమైన బొమ్మను మొదట అనుకున్నది ఏ స్మారక మందిరం కోసమో కాదు. మెక్సికో సిటీలో కట్టబోయే ఒక భారీ హోటల్ లాబీ కోసం. పెళ్లిళ్లకు, బిజినెస్ మీటింగులకు వచ్చేవాళ్లు సూట్‌కేసులు పట్టుకుని కాలుతున్న అస్థిపంజరం ముందు చెక్ ఇన్ అవుతారన్నమాట. ఇప్పటి హోటళ్లవాళ్లు వింటే నవ్వుతారు. అప్పటి మెక్సికోలో మాత్రం ఇది అంత వింత కాదు.

1910లో మొదలైన విప్లవం తర్వాత మెక్సికో ప్రభుత్వం చదువురాని కోట్ల మందికి చరిత్ర చెప్పడానికి గోడలను వాడుకుంది. 1920ల్లో విద్యాశాఖ మంత్రి హోసే వాస్కొన్‌సెలోస్ పిలిచి పనులు అప్పగించగా దియేగో రివేరా, ఒరోస్కో, సికేరోస్ లాంటి చిత్రకారులు ప్రభుత్వ భవనాలను యుద్ధాలతో, కూలీలతో, చావులతో నింపేశారు. పెద్ద గోడ మీద రక్తం, అగ్ని ఉండటం అక్కడివాళ్లకు అలవాటైన దృశ్యం. అస్థిపంజరం సంగతి సరేసరి. మన పెద్దల అమావాస్య లాగా చనిపోయినవాళ్లను తలుచుకునే వాళ్ల పండుగలో, పంచదారతో చేసిన పుర్రెలు మిఠాయి దుకాణాల్లో అమ్ముతారు. మెక్సికో పుర్రె నవ్వుతుంది. షిబుయా అస్థిపంజరంలో విషాదం కంటే వీరంగం ఎక్కువగా కనిపించడానికి, అది మెక్సికోలో పుట్టడం ఒక కారణమని చెప్పడం తప్పు కాదు.

ఆ హోటల్ యజమాని మనుయెల్ సువారెస్. స్పెయిన్‌లో పుట్టి మెక్సికోలో వ్యాపారాలతో బాగా సంపాదించినవాడు. 1968లో మెక్సికో సిటీలో ఒలింపిక్స్ జరగబోతున్నాయి కాబట్టి నగరంలోకెల్లా పెద్ద హోటల్ కట్టాలనుకున్నాడు. దాని పక్కనే సికేరోస్‌తో ఒక కళామందిరం పని కూడా మొదలుపెట్టించాడు. అలాంటి స్థలంలో జపాన్ నుంచి వచ్చిన చిత్రకారుడికి లాబీ గోడ ఇవ్వడం మామూలు విషయం కాదు.

ఒకమోతో అప్పటికి ఎంత బిజీగా ఉన్నాడో చెప్పాలి. 1970లో ఒసాకాలో జరగబోయే ప్రపంచ ఎక్స్‌పోకు ముఖ్య అంశం మీద ప్రదర్శనంతా ఆయన చేతిలోనే ఉంది. అక్కడ నిలబెట్టిన 70 మీటర్ల 'సూర్య గోపురం' ఆయన సృష్టే. ఒక పక్క ఒసాకాలో గోపురం లేస్తుండగా, ఇంకో పక్క పదేపదే విమానం ఎక్కి మెక్సికో వెళ్లి ఈ బొమ్మ వేశాడు. ఒకే మనిషి, ఒకే కాలంలో చేసిన పనులు కాబట్టి వీటిని కవలలని జపాన్‌లో అంటుంటారు. కవలలే అయితే ఇద్దరి మాటా ఒకటి కాదు. ఎక్స్‌పో నినాదం 'మానవాళి ప్రగతి, సామరస్యం'. ఆరు నెలల్లో ఆరు కోట్లకు పైగా జనం చూశారు. ఎక్స్‌పో ప్రారంభోత్సవం నాడే, 1970 మార్చి 14న, త్సురుగా అణు విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలై, ఎక్స్‌పోకు కరెంటు పంపింది. భవిష్యత్తు అంటే అణుశక్తే అని దేశమంతా సంబరపడుతున్న రోజులవి. ఆ సంబరం మధ్యలో గోపురం కట్టిన మనిషే, సముద్రానికి అవతల, అణుశక్తి ఇంకో ముఖాన్ని గోడ మీద పెడుతున్నాడు. గోపురాన్ని మాత్రమే చూసినవాళ్లకు ఒకమోతో సగమే తెలిసినట్టు.

హోటల్ పూర్తి కాలేదు. ఒలింపిక్స్ నాటికి పని తెమల్లేదు, తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి. 1969లో లాబీలో తాత్కాలికంగా అమర్చిన బొమ్మ, భవనం చేతులు మారాక అక్కడి నుంచి బయటికి వచ్చేసింది. ఏళ్ల తరబడి మొండిగోడలతో నిలబడ్డ ఆ కట్టడం చివరికి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌గా మారింది. సికేరోస్ పని చేసిన కళామందిరం ఇప్పటికీ దాని పక్కనే ఉంది. ఒకమోతో బొమ్మ ఏమైందో ఎవరికీ తెలియలేదు. దాని ఆచూకీ తెలియకుండానే 1996 జనవరిలో ఆయన చనిపోయాడు.

అప్పటికి జపాన్ ఆయన్ను గంభీరమైన చిత్రకారుడిగా గుర్తుపెట్టుకోవడం మానేసింది. 1980ల్లో ఒక వీడియో టేపు ప్రకటనలో కళ్లు పెద్దవి చేసి 'కళ అంటే విస్ఫోటమే' అని అరిచిన మనిషిగా, టీవీ షోల్లో నవ్వు పుట్టించే ముసలాయనగా జనానికి తెలుసు. ఆ డైలాగును పిల్లలు కూడా ఎగతాళిగా అనేవాళ్లు. మండిపోతున్న అస్థిపంజరాన్ని గీసినవాడి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఆలోచించే అవకాశం వాళ్లకు లేదు. ఎందుకంటే బొమ్మ ఎక్కడుందో తెలియదు.

తోషికో పట్టుదల

ఈ కథలో చిత్రకారుడి కంటే ముఖ్యమైన వ్యక్తి తోషికో. నలభై ఏళ్లకు పైగా ఆయన కార్యదర్శి. ఆయన మాట్లాడుతుంటే రాసుకుని పుస్తకాలుగా తీర్చిన చెయ్యి ఆమెదే. పెళ్లి చేసుకోకుండా కలిసి జీవించారు. కాగితాల మీద ఆమె ఆయన దత్తపుత్రిక. ఆయన పోయాక టోక్యో అయోయామాలో వాళ్ల ఇంటినీ స్టూడియోనూ 1998లో మ్యూజియంగా తెరిచింది. మూలపడిన పుస్తకాలను మళ్లీ అచ్చు వేయించింది. ఒకమోతోను టీవీ జోకుల్లోంచి బయటికి లాగి కొత్త తరానికి చూపించింది ఆమే.

2003 సెప్టెంబర్‌లో మెక్సికో సిటీ శివార్లలో, సామాను పడేసే ఒక యార్డులో బొమ్మ ఉందని కబురు వచ్చి ఆమె వెళ్లి చూసింది. సిమెంట్ పలకలు. పగుళ్లు, ఊడిపోయిన ముక్కలు, దుమ్ము. అయినా అదే. అప్పటికే ఆమెకు డెబ్బై ఏడేళ్లు. కొనడం, అనుమతులు, ఓడలో తేవడం, బాగుచేయడం, అన్నింటికీ డబ్బు పోగుచేయడం ఆమె నెత్తిన పెట్టుకుంది. 2005 ఏప్రిల్‌లో ఆమె హఠాత్తుగా చనిపోయింది. పలకలు జపాన్ చేరింది ఆ తర్వాతే.

ఎహిమె ప్రిఫెక్చర్‌లో దాదాపు ఏడాది పాటు మరమ్మతు జరిగింది. చిన్న చిన్న ముక్కలను కూడా పారేయకుండా ఏరుకుని ఎక్కడివి అక్కడ అతికించి, పోయిన చోట రంగు నింపారు. 2006 వేసవిలో టోక్యోలోని షియొదోమెలో మొదటిసారి జనం ముందు పెట్టారు. తర్వాత టోక్యో సమకాలీన కళల మ్యూజియంలో 2008 దాకా ఉంచారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. ఈ బొమ్మ బతికింది దాన్ని ఎవరో జాగ్రత్తగా కాపాడినందుకు కాదు, హోటల్ ఆగిపోయినందుకు. హోటల్ బాగా నడిచి ఉంటే, ఏ ఇరవై ఏళ్లకో కొత్త యజమాని వచ్చి లాబీ మార్చాలనుకుంటే, అస్థిపంజరం మొదట పోయేది. ఇది ఊరికే అనుకోవడం కాదు. టోక్యోలో సరిగ్గా అలాగే జరిగింది. 1957లో వాస్తుశిల్పి కెంజో తాంగే కట్టిన పాత టోక్యో మహానగర ప్రభుత్వ కార్యాలయంలో ఒకమోతో పెద్ద పెద్ద సిరామిక్ కుడ్యచిత్రాలు చేశాడు. ప్రభుత్వ సొమ్ముతో, పేరున్న వాస్తుశిల్పి భవనంలో, రాజధాని నడిబొడ్డున. అంతకంటే భద్రమైన చోటు ఉంటుందని ఎవరూ అనుకోరు. కార్యాలయం షింజుకుకు మారాక 1991లో ఆ భవనాన్ని కూల్చేశారు, దాంతోపాటు గోడలూ పోయాయి. దివాలా తీసిన మెక్సికో హోటల్ బొమ్మ మిగిలింది, టోక్యో ప్రభుత్వ భవనంలోని బొమ్మలు మిగల్లేదు. తేడా ఒక్కటే. ఒకటి ఊడదీయగల పలకల మీద ఉంది, ఇంకోటి గోడలో భాగం.

కిందున్న హాచికో విగ్రహానిది కూడా ఇలాంటి గతమే. 1934లో శిల్పి ఆందో తేరు చేసిన మొదటి విగ్రహం ఆవిష్కరణకు హాచికో స్వయంగా హాజరైంది. యుద్ధం చివరి రోజుల్లో లోహం కోసం దాన్ని కరిగించేశారు. ఆ శిల్పి 1945 వైమానిక దాడుల్లో చనిపోయాడు. ఆ ఏటి దాడుల్లోనే అయోయామాలో ఒకమోతో ఇల్లు కాలిపోయి, పదేళ్లు పారిస్‌లో ఉండి వేసిన బొమ్మలన్నీ బూడిదయ్యాయి. అప్పుడాయన సైనికుడిగా చైనాలో ఉన్నాడు. ఇప్పుడు జనం ఫొటోలు దిగుతున్నది 1948లో ఆ శిల్పి కొడుకు చేసిన రెండో విగ్రహం దగ్గర.

హిరోషిమా కాదు, షిబుయా

మరమ్మతు పూర్తయ్యాక బొమ్మ ఎక్కడుండాలన్న ప్రశ్న వచ్చింది. మూడు చోట్ల నుంచి గట్టిగా అడిగారు. అణుబాంబు పడిన ఊరు హిరోషిమా. సూర్య గోపురం ఉన్న ఒసాకా పక్కనున్న సుయితా. మూడోది షిబుయా. 2008 మార్చిలో ఒకమోతో స్మారక సంస్థ షిబుయాను ఎంచుకుంది. అదే ఏడాది నవంబర్ 17న స్టేషన్‌ను ఆనుకుని ఉన్న మార్క్ సిటీ భవనం నడవాలో బొమ్మను తెరిచారు.

హిరోషిమా వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. అక్కడ ఉంటే బొమ్మకు తగిన నిశ్శబ్దం, చూసేవాళ్లకు తగిన మనఃస్థితి దొరికేవి. కానీ అక్కడ అది చాలా స్మారకాల్లో ఒకటయ్యేది. బాంబు గురించి ఆలోచించాలని ముందే నిర్ణయించుకుని వచ్చినవాళ్లే చూసేవాళ్లు. సుయితాలో అయితే గోపురానికి తోకలా మిగిలేది. షిబుయాలో దాన్ని చూసేవాళ్లు ఏమీ నిర్ణయించుకుని రారు. ఆఫీసుకు పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, రాత్రి తాగి ఇంటికెళ్లేవాళ్లు. అమ్మకానికి బొమ్మలు వేయడం ఇష్టంలేక, దారినపోయేవాళ్లు ఉచితంగా చూసే చోట్లే పని చేయాలని జీవితమంతా తపించిన ఒకమోతోకు ఇంతకంటే తగిన చోటు దొరకదు. స్మారక సంస్థ ఎంపిక సరైనదే.

సరైనదే కానీ, నష్టం లేదని కాదు. ముప్పై మీటర్ల బొమ్మ మొత్తం ఒక్కసారి చూడాలంటే బాగా వెనక్కి వెళ్లాలి. ఆ నడవాలో అంత చోటు లేదు. వెనక్కి వెళితే అద్దాల కిటికీకి ఆనుకుంటారు, కింద ప్రపంచ ప్రసిద్ధమైన షిబుయా స్క్రాంబుల్ కూడలి కనిపిస్తుంది, చాలామంది అటు తిరిగి దాని వీడియో తీసుకుంటారు. బొమ్మకు వీపు చూపిస్తూ. కాబట్టి ఇక్కడ దీన్ని చూడటమంటే నడుస్తూ చూడటమే, ముక్కలు ముక్కలుగా. కుడి నుంచి వచ్చేవాళ్లకు ముందు పడవ, తర్వాత పేలుడు, చివర్లో ప్రశాంతత ఎదురవుతాయి. ఎడమ నుంచి వచ్చేవాళ్లకు కథ తిరగబడుతుంది. ప్రశాంతతతో మొదలై, పేలుడు దాటి, ఏమీ తెలియని జాలర్ల దగ్గర ఆగుతుంది. పొద్దున ఒక కథ విన్నవాళ్లు సాయంత్రం ఇంటికెళ్తూ రెండోది వింటారు. ఏ మ్యూజియంలోనూ దొరకని ఈ సంగతిని స్టేషన్ అనుకోకుండా ఇచ్చింది.

2011లో అతికించిన పలక

2011 మార్చి 11న భూకంపం, సునామీ, వాటి వెనకే ఫుకుషిమా దైచి అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాయి. ఆ కేంద్రంలో మొదటి రియాక్టర్ 1971 మార్చిలో, అంటే ఒసాకా ఎక్స్‌పో ముగిసిన ఆరు నెలలకు, వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ప్రమాదం జరిగి రెండు నెలలైనా కాకముందే, మే మొదట్లో, షిబుయా బొమ్మ కుడివైపు కింద గోడ ఆకారం వల్ల ఖాళీగా ఉన్న మూలలో ఒక కొత్త ముక్క కనిపించింది. నల్లటి పొగ కక్కుతున్న నాలుగు రియాక్టర్ భవనాలు, ఒకమోతో శైలిలోనే. పడవ పక్కనే. కొందరికి మొదట అది బొమ్మలో భాగమే అనిపించేటంత బాగా కలిసిపోయింది.

చిమ్ పొమ్ అనే యువ కళాకారుల బృందం ఆ పని చేసింది. బొమ్మకు దెబ్బ తగలకుండా ఒక ప్లాస్టిక్ బోర్డును టేపుతో అతికించారు. వెంటనే తీసేశారు, పోలీసులు చిన్న నేరాల చట్టం కింద కేసు పెట్టారు. పత్రికల్లో, ఇంటర్నెట్‌లో పెద్ద గొడవ నడిచింది. ఆకతాయి పని అన్నవాళ్లు, ఒకమోతో బతికుంటే మెచ్చుకునేవాడు అన్నవాళ్లు రెండు పక్షాలయ్యారు. ఒకమోతో స్మారక మ్యూజియం 2013లో ఈ బృందం ప్రదర్శనకు చోటిచ్చింది, ఆ ముక్కను కూడా అందులో పెట్టారు. స్మారక సంస్థ ఏ పక్షమో అర్థమైంది.

ఆ చర్య సబబా కాదా అన్నదాన్ని అలా ఉంచితే, అది ఒక పని మాత్రం చేసింది. రెండున్నరేళ్లుగా పక్కనుంచి నడుస్తూ బొమ్మను చూడనివాళ్లు ఆ వారం చూశారు. మూలనున్న పడవ 1954 నాటి పాత సంగతి కాదని, వరసలో తర్వాతి బొమ్మకు ఖాళీ ఎప్పుడూ ఉందని చాలామందికి అప్పుడే తట్టింది. వివరణ బోర్డు రెండున్నరేళ్లలో చేయలేనిది ఒక ప్లాస్టిక్ బోర్డు ఒక్క రోజులో చేసింది. అలాగని ప్రతి కళాకారుడూ వచ్చి తన ముక్క అతికిస్తే బొమ్మ మిగలదు. పోలీసులకూ, మ్యూజియానికీ ఇద్దరికీ వాళ్ల వాళ్ల న్యాయం ఉంది.

ఎవరు తుడుస్తారు?

మ్యూజియంలో బొమ్మకు ఏసీ, తేమ కొలిచే పరికరాలు, కాపలా ఉంటాయి. షిబుయా నడవాలో జనం బట్టల నుంచి రాలే పీచు, రైళ్ల కదలిక, కిటికీ వెలుగు, వేసవి ఉక్క ఉంటాయి. బొమ్మ సంరక్షణకు ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఏటా వాలంటీర్లతో దుమ్ము దులిపిస్తుంది. స్థానికులు, కళాభిమానులు బ్రష్షులు పట్టుకుని వస్తారు. అది చాలక 2023లో పెద్ద మరమ్మతు మొదలుపెట్టారు. షిబుయాలో పెట్టిన తర్వాత ఇంత పెద్దది ఇదే. మొత్తం ఒక్కసారి కాకుండా విడతలుగా చేసే పని, దానికి విరాళాలూ అడిగారు.

స్టేషన్లలో కళ గురించి మాట్లాడేటప్పుడు ఆవిష్కరణ రోజు ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి. డబ్బు కూడా ఆ రోజుకే కేటాయిస్తారు. పదిహేనో ఏడు దుమ్ము దులిపేది ఎవరు, ఊడిన రంగు నింపేది ఎవరు అన్నదానికి ఒప్పందాల్లో చోటు తక్కువ. ఈ బొమ్మ విషయంలో బొమ్మ ఒకమోతో స్మారక సంస్థది, భవనం రైల్వే కంపెనీలు కలిసి కట్టిన వాణిజ్య సముదాయం, శుభ్రం చేసేది వాలంటీర్లు. ముగ్గురిలో ఒక్కరు చేతులెత్తేసినా ఇబ్బందే.

పైగా షిబుయా స్టేషన్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి పునర్నిర్మాణం నడుస్తోంది. పాత ప్లాట్‌ఫారాలు జరిగాయి, పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనాలు పోయాయి, కొత్త ఆకాశహర్మ్యాలు లేచాయి. 2000లో తెరిచిన మార్క్ సిటీ కూడా ఎప్పుడో ఒకప్పుడు పాతదవుతుంది. అప్పుడు ఆ గోడను ఏం చేయాలన్నది మళ్లీ ఎవరో ఒకరు తేల్చాల్సి వస్తుంది. పలకలు ఊడదీయడానికి వీలుగా ఉన్నాయి కాబట్టి, 1991లో ఇచ్చిన జవాబే మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు. హిరోషిమా, సుయితా ఇంకా అక్కడే ఉన్నాయి.